భయమా, మాయా? కొత్త హారర్, ఫాంటసీ నవలల్లో ఎవరికి ఏది

ఒక హారర్ నవల బాగుందో లేదో చెప్పడం తేలిక. అది మీకు నచ్చుతుందో లేదో చెప్పడమే కష్టం. కొందరు రక్తం కనిపిస్తే చాలు, పుస్తకం మూసేస్తారు. ఇంకొందరు ఎంత రక్తపాతాన్నైనా చదివేస్తారు గాని పసిపిల్లకు ఆపద వస్తోందంటే తట్టుకోలేరు. ఫాంటసీ చదివేవాళ్లలోనూ ఇలాంటి తేడాలుంటాయి. వంద పేజీల దాకా కొత్త లోకం పేర్లు, పటాలు, వంశాలు ఓపిగ్గా చదివేవాళ్లున్నారు, పదో పేజీలో కథ కదలకపోతే విసిగిపోయేవాళ్లూ ఉన్నారు. అయినా కొనేటప్పుడు అందరం ఒకే అట్ట చూస్తాం, ఒకే రీల్ చూస్తాం, అవే స్టార్ రేటింగులు చూస్తాం. జనవరి పుస్తక మహోత్సవంలో సంచులు నింపుకుని ఇంటికెళ్లి, ఫిబ్రవరికల్లా సగంలో ఆపేసిన పుస్తకాలు అలమరలో పెట్టుకునేవాళ్లు విజయవాడలో చాలామంది ఉన్నారు. వాళ్ల డబ్బూ, ఓపికా వృథా కాకూడదనే ఇది రాస్తున్నాను.

పుస్తకం చేతికి తీసుకున్నాక నేను ఒక్క ప్రశ్న వేసుకుంటాను: ఈ కథలో మనుషులు పోగొట్టుకునేది ఏమిటి? మనదనుకున్న ఇల్లో, ఒళ్లో, బిడ్డో, నేలో చేజారిపోతుంటే పుట్టే భయమే హారర్. ఫాంటసీలో కొత్త శక్తి ఒకటి చేతికొస్తుంది, దానికి ఎవరో ఒకరు మూల్యం కట్టాలి. పోయేదేమిటో, మూల్యం ఎంతో గట్టిగా చెప్పిన నవలలే నాకు గుర్తుండిపోయాయి. మిగతా వాటిలో దెయ్యాలు, డ్రాగన్లు ఎన్ని ఉన్నా పేర్లు కూడా గుర్తు లేవు. అందుకే కింది పోలికలన్నీ ఆ ప్రశ్న దగ్గరే మొదలవుతాయి. చివర్లో చెప్పే రెండు పాత పుస్తకాలు తప్ప ఇవన్నీ 2020 నుంచి వచ్చిన ఇంగ్లిష్ నవలలే. మన తెలుగు పుస్తకాల ప్రస్తావన అవసరమైన చోట తెస్తాను, ఎందుకంటే మన రుచి తయారైంది వాటితోనే.

ఇంట్లో భయం: మూడు ఇళ్లు, మూడు రకాల పాఠకులు

పాడుబడ్డ బంగళా కథలు ఇష్టమైనవాళ్ల ముందు ఇప్పుడు మూడు మంచి నవలలున్నాయి. పైకి ఒకేలా కనిపిస్తాయి గాని ముగ్గురు వేర్వేరు పాఠకుల కోసం రాసినవి.

మొదటిది సిల్వియా మొరెనో-గార్సియా రాసిన 'మెక్సికన్ గోథిక్' (2020). కథ 1950ల నాటి మెక్సికోలో జరుగుతుంది. పెళ్లయి కొండల్లోని అత్తవారింటికి వెళ్లిన కజిన్ నుంచి వింత ఉత్తరం వస్తే, నోయెమీ అనే పట్నం అమ్మాయి సంగతేమిటో చూడటానికి బయల్దేరుతుంది. ఆ ఇల్లు ఒకప్పుడు వెండి గనులు నడిపిన ఇంగ్లిష్ కుటుంబానిది. భోజనాల దగ్గర మాట్లాడకూడదు, పెద్దాయన పిలిస్తే వెళ్లాలి, కోడలికి జబ్బు అంటే జబ్బే, బయటి డాక్టరు అక్కర్లేదు. పెళ్లయిన అమ్మాయి గొంతు అత్తవారింట్లో ఎలా సన్నబడిపోతుందో తెలిసిన తెలుగు పాఠకురాలికి మొదటి సగమే వణుకు పుట్టిస్తుంది, దెయ్యం ఇంకా రాకముందే. అసలు సంగతి రెండో సగంలో గాని బయటపడదు. గోడలకు పట్టిన బూజుకీ ఆ కుటుంబం పిచ్చికీ సంబంధం ఉంది, అంతవరకే చెబుతాను. నిదానంగా చదివేవాళ్లకు ఇది విందు. మొదటి వంద పేజీల్లో ఏదో ఒకటి జరగాలనుకునేవాళ్లు మాత్రం వద్దు. ఆడపిల్ల మీద బలవంతం జరిగే ఘట్టాలూ ఉన్నాయి, ముందే తెలిసి ఉండటం మంచిది.

రెండోది టి. కింగ్‌ఫిషర్ రాసిన 'వాట్ మూవ్స్ ది డెడ్' (2022). ఎడ్గార్ అలన్ పో 1839లో రాసిన అషర్ బంగళా కథను తిరిగి చెప్పిన చిన్న నవల. ఇందులోనూ ఇల్లు పాడుబడిందే, ఇందులోనూ పుట్టగొడుగులే, పైగా చెరువు చుట్టూ నడిచే తీరు తేడాగా ఉన్న కుందేళ్లు. తన పుస్తకం రాస్తున్నప్పుడు 'మెక్సికన్ గోథిక్' చదివి కాసేపు తన రాతను పక్కన పెట్టేశానని కింగ్‌ఫిషర్ చివర్లో తనే చెప్పుకుంది. ఆ నిజాయితీ నాకు చాలా నచ్చింది. రెండింటిలో ఏది అంటే, టైం లేనివాళ్లకు ఇదే. రెండు రాత్రుల్లో అయిపోతుంది. కథ చెప్పే మాజీ సైనికుడి గొంతులో హాస్యం ఉండటంతో గుండె కాస్త కుదుటపడుతుంది, అంతలోనే ఆ కుందేళ్లు వస్తాయి. అయితే లోతు విషయంలో మొరెనో-గార్సియాదే పైచేయి. కింగ్‌ఫిషర్ ఇంట్లో పోయేది ఒక స్నేహితుల కుటుంబం. మొరెనో-గార్సియా ఇంట్లో తరతరాల ఆడవాళ్లు పోయారు, ఊరి కూలీలు పోయారు, పోయినవాళ్ల మీదే ఆ ఇల్లు నిలబడింది.

మూడోది గ్రేడీ హెండ్రిక్స్ 'హౌ టు సెల్ ఎ హాంటెడ్ హౌస్' (2023). మన దగ్గర ఎక్కువమందికి తగిలేది ఇదేనని నా నమ్మకం. అమ్మానాన్నలు కారు ప్రమాదంలో పోయారు. అక్క లూయీస్ దూరాన శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటుంది, తమ్ముడు మార్క్ సొంతూరు చార్ల్‌స్టన్‌లోనే ఉండిపోయాడు. ఇల్లు అమ్మాలి. ఎవరికెంత, అమ్మను ఎవరు చూసుకున్నారు, చిన్నప్పుడు ఎవర్ని గారాబం చేశారు, ఈ గొడవంతా మొదలవుతుంది. ఇంటినిండా అమ్మ చేసిన బొమ్మలు. వాటిలో ఒకటి ఇల్లు ఖాళీ చేయడానికి ఒప్పుకోదు. అమెరికాలోనో హైదరాబాద్‌లోనో స్థిరపడి, సత్తెనపల్లిలోనో తెనాలిలోనో ఉన్న పాత ఇంటిని ఏం చేయాలని తోబుట్టువులతో ఫోన్లో వాదించుకున్నవాళ్లకు ఇందులోని మాటలు ఎక్కడో విన్నట్టే ఉంటాయి. నవల భాగాలకు పెట్టిన పేర్లు దుఃఖంలో మనిషి దాటే దశలవి: నిరాకరణ, కోపం, బేరం, అలా చివరి అంగీకారం దాకా. కాబట్టి బొమ్మల భయం ఎంతున్నా, అది చివరకు అమ్మ లేని ఇంటి గురించిన పుస్తకమే.

యండమూరి 'తులసిదళం' చదివి రాత్రుళ్లు లైటు వేసుకుని పడుకున్న తరం ఇప్పుడేం చదవాలని అడిగితే నేను హెండ్రిక్స్ పుస్తకమే చేతిలో పెడతాను. 'తులసిదళం'లో మనల్ని కుదిపింది చేతబడి వివరాల కన్నా, తల్లిదండ్రుల కళ్లముందు ఒక చిన్నపిల్ల నలిగిపోవడం. లూయీస్‌కూ ఐదేళ్ల కూతురుంది. ఆ పిల్లకు బొమ్మ నచ్చుతుంది. అక్కణ్నుంచి భయమంతా ఆ పిల్ల చుట్టూనే తిరుగుతుంది. తేడా ఒకటుంది. యండమూరి వైద్యాన్నీ మంత్రాన్నీ పక్కపక్కనే నడిపి, గెలిచింది ఏదో మనకే వదిలేశారు. హెండ్రిక్స్ బొమ్మ నిజంగానే కదులుతుందని ఒప్పుకుని ముందుకెళతాడు. ఆ సందేహం తీపి కావాలనుకునేవాళ్లకు ఇక్కడ కొంత లోటుగానే ఉంటుంది.

ఒక్క మాటలో చెప్పమంటే: అత్తవారిల్లు గుర్తొచ్చే భయం కావాలంటే మొదటిది, వారాంతంలో ముగించాలంటే రెండోది, తోబుట్టువులున్నవాళ్లకు మూడోది.

నేల పోగొట్టుకున్నవాళ్ల హారర్

ఈ మధ్య చదివిన హారర్‌లో అన్నిటికన్నా గొప్పదేదంటే నేను తడుముకోకుండా స్టీఫెన్ గ్రాహమ్ జోన్స్ 'ది బఫెలో హంటర్ హంటర్' (2025) పేరే చెబుతాను. ఆయన అమెరికాలోని బ్లాక్‌ఫీట్ అనే ఆదివాసీ జాతికి చెందిన రచయిత. 1870 జనవరిలో మోంటానాలో మరియాస్ నది ఒడ్డున అమెరికన్ సైన్యం దాదాపు 200 మంది బ్లాక్‌ఫీట్ ప్రజలను చంపేసింది. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. ఇది చరిత్ర. నవల దాని మీద కట్టింది. 1912లో ఒక పాస్టర్ దగ్గరికి గుడ్ స్టాబ్ అనే బ్లాక్‌ఫీట్ మనిషి ఆదివారం ఆదివారం వచ్చి తన కథ చెప్పుకుంటుంటాడు. అతను రక్తం తాగి బతికేవాడు. పాస్టర్ అదంతా డైరీలో రాసి దాస్తాడు, 2012లో గోడ పగలగొడుతుంటే ఆ డైరీ బయటపడుతుంది.

రక్తపిశాచుల కథలు వందేళ్లకు పైగా వస్తూనే ఉన్నాయి, ఇందులో కొత్తేముందని అడగొచ్చు. ఇందులో పిశాచానికి ఒక నియమముంది: ఎవరి రక్తం తాగితే వాళ్లలా మారిపోతాడు. జంతువుల రక్తం మీదే బతికితే జంతువు పోలికలు వస్తాయి. తెల్లవాళ్ల రక్తం తాగుతూ పోతే తనూ తెల్లవాడిలా అయిపోతాడు. తనవాడిగా మిగలాలంటే తనవాళ్ల రక్తమే తాగాలి. తన జాతిని కాపాడాలనుకునే మనిషికి అంతకన్నా పెద్ద శిక్ష ఏముంటుంది? నేను పైన చెప్పిన ప్రశ్నకు ఇంత గట్టి జవాబు ఇంకే నవలలోనూ నాకు దొరకలేదు. పోయేది నేల, అడవిదున్నల మంద, భాష, మనుషులు, చివరికి మొహం కూడా.

కానీ అందరికీ ఇవ్వలేను. పాస్టర్ రాసే ఇంగ్లిష్ పాతకాలపుది, వంకరలు తిరుగుతుంది. గుడ్ స్టాబ్ జంతువులకూ కాలాలకూ తన పద్ధతిలో పేర్లు పెడతాడు, ఏది ఏమిటో తెలియడానికి కొంత సమయం పడుతుంది. మొదటి యాభై పేజీలు కష్టపడాలి. అంత ఓపిక లేకపోతే ఆయనదే 'ది ఓన్లీ గుడ్ ఇండియన్స్' (2020)తో మొదలుపెట్టండి. అది ఈ కాలపు కథ. కుర్రతనంలో వేటకు వెళ్లి, పెద్దలకు కేటాయించిన చోట, కడుపుతో ఉన్న ఎల్క్‌ను చంపిన నలుగురు స్నేహితుల కథ. ఎల్క్ అంటే మన కణుజు కన్నా పెద్ద జింక. అది పదేళ్ల తర్వాత వాళ్లను వెతుక్కుంటూ వస్తుంది. భాష తేలిక, వేగమూ ఎక్కువే. హారర్ రచయితలు ఇచ్చే బ్రామ్ స్టోకర్ అవార్డు దీనికి వచ్చింది. ఇంట్లో కుక్కను పెంచుకునేవాళ్లకు మాత్రం ముందే హెచ్చరిక: కొన్ని పేజీలు దాటేయాల్సి వస్తుంది.

ఈ రెండూ రాత్రి పడుకోబోయే ముందు చదివేవి కావు. పగలు, మధ్యాహ్నం ఎండలో, ఇంట్లో నలుగురు తిరుగుతున్నప్పుడు చదవండి.

హారర్ నుంచి ఫాంటసీకి దాటే వంతెనలు

రెండిట్లో ఏదో తేల్చుకోలేనివాళ్లకు మధ్యలో నిలబడే పుస్తకాలు కొన్ని ఉన్నాయి. స్టీఫెన్ కింగ్ 'ఫెయిరీ టేల్' (2022)లో పదిహేడేళ్ల కుర్రాడు, ఒక ముసలాయన, ఆయన ముసలి కుక్క, పెరట్లోని షెడ్డు కింద ఇంకో లోకానికి దిగే మెట్లు ఉంటాయి. ఇంకో లోకానికి వెళ్లకముందు ఉన్న మొదటి భాగమే నాకు చాలా ఇష్టం. కాలు విరిగిన ఒంటరి ముసలాయనకు సేవ చేస్తూ ఆ కుర్రాడు పెద్దవాడయ్యే తీరు కింగ్ రాసిన మంచి పేజీల్లో లెక్కించాలి. లోకం మారాక కథ కొంచెం సాగుతుంది. ఆ కుక్కకు ఏమవుతుందోనని టెన్షన్ పడేవాళ్లు నిశ్చింతగా చదవొచ్చు.

ఆర్. ఎఫ్. క్వాంగ్ 'కటాబాసిస్' (2025) ఇంకో రకం. ఇద్దరు రీసెర్చి విద్యార్థులు చనిపోయిన తమ గైడును వెనక్కి తేవడానికి నరకానికి వెళతారు. ఆయన సిఫారసు ఉత్తరం లేకపోతే వాళ్ల భవిష్యత్తు లేదు మరి. ఆచార్య నాగార్జున యూనివర్సిటీలోనో ఇంకెక్కడో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు దీన్ని నాకన్నా లోతుగా అర్థం చేసుకుంటారు. మిగతావాళ్లకు తర్కశాస్త్రం చర్చలు బరువనిపించవచ్చు.

ఇక ఈ వంతెనల్లో నాకు అన్నిటికన్నా ప్రియమైనది కింగ్‌ఫిషర్ 'నెట్టిల్ అండ్ బోన్' (2022). సైన్స్ ఫిక్షన్, ఫాంటసీలకు ఇచ్చే హ్యూగో అవార్డును 2023లో అందుకుంది. మూడో రాకుమారి మార్రాకు ముప్ఫై ఏళ్లు. మఠంలో కుట్లు అల్లికలతో బతుకుతోంది. అక్కను పెళ్లాడిన రాకుమారుడు ఆమెను హింసిస్తున్నాడని తెలుస్తుంది, అడిగే దిక్కు లేదు. చనిపోయినవాళ్లతో మాట్లాడే ఒక ముసలమ్మ దగ్గరికి వెళితే మూడు అసాధ్యమైన పనులు చెబుతుంది. దురదగొండి లాంటి మొక్క నారతో అంగీ అల్లాలి, ఎముకలతో కుక్కను చేయాలి, వెన్నెలను సీసాలో పట్టాలి.

ఇది చదువుతుంటే మన వాళ్లకు చందమామ గుర్తు రాకుండా ఉండదు. 1947 జులైలో మొదలైన ఆ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన 'తోకచుక్క', 'పాతాళదుర్గం', 'మాయాసరోవరం' లాంటి సీరియళ్లతో పెరిగినవాళ్లకు ఫాంటసీ అంటే అసాధ్యమైన పని, దారిలో కలిసే వింత తోడు, ప్రతి మలుపులో ఒక గండం. మాయ ఎలా పనిచేస్తుందో ఆ కథల్లో ఎవరూ పాఠం చెప్పరు, అది పనిచేస్తుంది అంతే. కొత్త ఇంగ్లిష్ ఫాంటసీ చాలావరకు ఆ పాఠమే ఎక్కువ చెబుతుంది, అందుకే చందమామ తరం అక్కడ అలసిపోతుంది. 'నెట్టిల్ అండ్ బోన్' మాత్రం చందమామ నడకతో, పెద్దవాళ్ల దుఃఖంతో సాగుతుంది. దెయ్యం పట్టిన కోడిపెట్ట కూడా ఉంది. ఒకే పుస్తకంలో కథ పూర్తవుతుంది. ఇంగ్లిష్ ఫాంటసీ ఇంతవరకు చదవని అమ్మకో, పెద్దమ్మకో, మావయ్యకో ఇవ్వాలంటే నేను ఇంకో పుస్తకం గురించి ఆలోచించను.

పిరనేసియా, బేబెలా?

కాలేజీ దాటిన సీరియస్ పాఠకులు ఎక్కువగా ఈ రెండిటి మధ్య ఊగుతుంటారు.

సుసానా క్లార్క్ 'పిరనేసి' (2020) మూడొందల పేజీలు కూడా లేదు. అంతులేని గదులున్న ఒక మహాభవనం, ప్రతి గదిలో విగ్రహాలు, కింది అంతస్తుల్లో సముద్రపు అలలు, పై అంతస్తుల్లో మబ్బులు. అక్కడ బతుకుతున్న మనిషికి తెలిసిన లోకం అదే. అలల రాకపోకలు లెక్కగడతాడు, చనిపోయినవాళ్ల ఎముకలకు పూలు పెడతాడు, ఇంటికి కృతజ్ఞతలు చెప్పుకుంటాడు. అతను పోగొట్టుకున్నదేమిటో అతనికే తెలియదు, మనకు మెల్లగా తెలుస్తుంది. స్త్రీలు రాసిన ఇంగ్లిష్ నవలలకు ఇచ్చే విమెన్స్ ప్రైజ్‌ను 2021లో గెలిచింది. మొదటి అరవై పేజీలు అయోమయంగా ఉంటాయి. అది మీ తప్పు కాదు, రచయిత్రి కావాలనే అలా ఉంచింది, భరించండి. విజయవాడ నుంచి సికింద్రాబాద్ వెళ్లి వచ్చే రైలు ప్రయాణంలో పూర్తి చేయొచ్చు. ఆడియో పుస్తకాన్ని నటుడు చివెటెల్ ఎజియోఫోర్ చదివాడు. కళ్లకు విశ్రాంతి కావాలంటే అదీ మంచి దారే.

క్వాంగ్ 'బేబెల్' (2022) దీనికి పూర్తిగా ఎదురు. 1830ల ఆక్స్‌ఫర్డ్. రెండు భాషల మాటలు చెక్కిన వెండి కడ్డీలతో బ్రిటిష్ సామ్రాజ్యం ఓడలు, మిల్లులు నడిపిస్తుంటుంది. ఆ కడ్డీలు పనిచేయాలంటే పరాయి భాషలు పుట్టుకతో వచ్చినవాళ్లు కావాలి. అందుకని చైనాలోని కాంటన్ నుంచి ఒక కుర్రాణ్ని, మన కలకత్తా నుంచి రామీ అనే కుర్రాణ్ని తెచ్చి చదివిస్తారు. మంచి భోజనం, మంచి గది, అన్నీ ఇస్తారు. వాళ్ల ఊళ్లను దోచే పని వాళ్ల చేతే చేయిస్తారు. ఇందులో మాయకు మూల్యం ఎవరు కడుతున్నారో ప్రతి అధ్యాయంలో కనిపిస్తుంది. చాలా కోపంతో రాసిన పుస్తకం, నాకు ఆ కోపం నచ్చింది. కొందరు విమర్శించినట్టు, చెప్పిందే మళ్లీ చెప్పే చోట్లు ఉన్నాయి, ఫుట్‌నోట్లు ఎక్కువ, చెడ్డవాళ్లు మరీ చెడ్డగా ఉంటారు. అయినా ఇంగ్లిష్ మీడియంలో చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడి, రెండింటి మధ్య పెరిగినవాళ్లు దీన్ని వదులుకోకూడదు.

ఒక్కదానికే డబ్బుంటే? చరిత్ర ఇష్టమైతే 'బేబెల్'. మిగతా అందరికీ 'పిరనేసి'. రెండోసారి చదివితే ఇంకా పెరిగే పుస్తకం అది. 'బేబెల్' రెండోసారి చదివితే లోపాలు ఎక్కువ కనిపిస్తాయి.

ఈ వరసలోనే మన పొరుగువాడి పుస్తకం ఒకటి చెప్పాలి. శ్రీలంక రచయిత వజ్ర చంద్రశేఖర రాసిన 'ది సెయింట్ ఆఫ్ బ్రైట్ డోర్స్' (2023)కి సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచయితలు ఇచ్చే నెబ్యులా అవార్డు వచ్చింది. తండ్రిని చంపడానికే తల్లి పెంచిన కొడుకు పెద్దయ్యాక ఆ పనే వద్దనుకుని నగరానికి పారిపోతాడు. ఆ తండ్రి ఒక మతాన్ని స్థాపించిన మహాపురుషుడు. మఠాలు, కులాలు, కర్ఫ్యూలు, కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం, ఇవన్నీ మన ఉపఖండపు వాసనతో ఉంటాయి. కథ సూటిగా నడవదు, ముగింపు కూడా అందరికీ మింగుడుపడదు. పది ఫాంటసీలు చదివాక పదకొండోదిగా తీసుకోండి.

డ్రాగన్లు, ఇంటర్ పిల్లలు, అట్ట చూసి మోసపోవడం

మా అక్క కూతురు ఇంటర్ చదువుతోంది. "పిన్నీ, మా క్లాసులో అందరూ ఫోర్త్ వింగ్ చదువుతున్నారు, కొనిపెట్టవా?" అని అడిగింది. అక్కేమో డ్రాగన్ బొమ్మ చూసి పిల్లల పుస్తకమే అనుకుంది. ఈ ఒక్క విషయంలో తల్లిదండ్రులకు నేను గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. రెబెకా యారోస్ 'ఫోర్త్ వింగ్' (2023) పెద్దల కోసం రాసిన రొమాన్స్. శృంగార ఘట్టాలు విపులంగా ఉంటాయి. పద్దెనిమిది దాటినవాళ్లు హాయిగా చదువుకోవచ్చు. పదిహేనేళ్ల పిల్లకు కొనేముందు మీరు చదివి నిర్ణయించుకోండి.

పుస్తకంగా ఎలా ఉంది? వేగం బ్రహ్మాండం. లైబ్రరీలో పని చేయాలనుకున్న బలహీనమైన అమ్మాయి వయొలెట్‌ను సైన్యాధికారి అయిన తల్లి డ్రాగన్ రౌతుల కాలేజీలో పడేస్తుంది. మొదటి రోజే సన్నటి గోడ మీద నడవాలి, జారితే చావే. అధ్యాయం ఆపడం కష్టం. ర్యాంకుల కోసం పిల్లల్ని నలిపేసే కాలేజీల మధ్య పెరిగిన మన ఊరి పిల్లలకు ఆ బాస్గియత్ కాలేజీ ఎందుకంత నచ్చిందో నాకు అర్థమవుతుంది. అయితే లోకం పలచన, మాటలు ఈ కాలపు అమెరికన్ టీనేజర్లవి. మొత్తం ఐదు పుస్తకాలని ప్రకటించారు, 'ఐరన్ ఫ్లేమ్' (2023), 'ఆనిక్స్ స్టార్మ్' (2025)తో కలిపి మూడే వచ్చాయి. మూడోది పూర్తిచేసి మధ్యలో వేలాడుతూ ఎదురుచూడాలి.

అక్క కూతురికి నేను ఇచ్చింది రాబర్ట్ జాక్సన్ బెనెట్ 'ది టెయింటెడ్ కప్' (2024). హత్య, డిటెక్టివ్, ఫాంటసీ కలిసిన నవల. ఒక అధికారి ఒంట్లోంచి చెట్టు మొలిచి చనిపోతాడు. కళ్లకు గంతలు కట్టుకుని ఇంట్లోంచి కదలకుండా కేసు తేల్చే విచిత్రమైన ఆవిడ, చూసినదేదీ మరచిపోకుండా ఒంటిని మార్పించుకున్న కుర్ర సహాయకుడు. రక్తం ఉంది, బూతులు కొన్ని ఉన్నాయి, హత్యా రహస్యం మాత్రం నిజాయితీగా విప్పుతాడు, ఆధారాలన్నీ మన ముందే పెడతాడు. 2025లో హ్యూగో దీనికే వచ్చింది.

నన్ను అంతకన్నా ఎక్కువగా కదిలించింది ఆ సామ్రాజ్యం. వానాకాలంలో సముద్రం నుంచి కొండంత జంతువులు వస్తాయి, వాటిని ఆపేది కట్టలు. ఆ కట్టల్ని చూసుకునే ఇంజనీర్లు చచ్చిపోతే గండి పడుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చిన రోజులు చూసిన మనకు, కట్ట బాగు చేసేవాడే లోకాన్ని కాపాడే వీరుడని చెప్పే ఫాంటసీ ఊరికే దాటిపోదు. కత్తి పట్టిన రాజకుమారుల కన్నా ఈ పుస్తకంలోని గుమాస్తాలు, ఇంజనీర్లు నాకు గొప్పగా కనిపించారు.

ఇంగ్లిష్ ఎంత వస్తే ఏది, ఎక్కడ దొరుకుతుంది

తెలుగు మీడియంలో చదివి ఇంగ్లిష్ నవలలకు కొత్తగా వస్తున్నవాళ్లు సిగ్గుపడాల్సిన పనే లేదు, వరస మాత్రం చూసుకోవాలి. భాష తేలిక అన్న లెక్కన 'ఫోర్త్ వింగ్', ఆ తర్వాత కింగ్‌ఫిషర్ పుస్తకాలు, హెండ్రిక్స్. 'పిరనేసి' వాక్యాలు చిన్నవే, అర్థమే దాగి ఉంటుంది. 'బేబెల్' మధ్యస్థం. జోన్స్ 2025 నవలా, చంద్రశేఖరా చివర్లో. కిండిల్‌లో మాట మీద వేలు పెడితే అర్థం వస్తుంది కాబట్టి కష్టమైన రెండూ అందులో చదవడం మేలు. కొనకముందు మొదటి అధ్యాయం శాంపిల్ ఉచితంగా దింపుకోవచ్చు. ఇరవై పేజీలు చదివితే ఏ రేటింగూ చెప్పని సంగతి తెలుస్తుంది.

లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో కింగ్ పాత నవలలు అప్పుడప్పుడు దొరుకుతాయి. కొత్తవాటికి జనవరి పుస్తక మహోత్సవమో, ఆన్‌లైనో దిక్కు. ఫుట్‌పాత్ మీద నూట యాభైకే కొత్త 'ఫోర్త్ వింగ్' దొరికిందంటే అది దొంగ ప్రింటే. అక్షరాలు మసకగా ఉంటాయి, నాకొకదాంట్లో ఒక ఫారమే, అంటే కొన్ని పేజీల కట్టే, లేదు, పైగా రాసినవాళ్లకు రూపాయి వెళ్లదు. తెలుగు చదవాలనుకుంటే విజయవాడ రామ్మోహన్ గ్రంథాలయం, గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయం ఉన్నాయి. రెండోది పాత పత్రికలకు పేరున్నది.

ప్రతిలిపి, పాకెట్ ఎఫ్‌ఎం యాప్‌లలో తెలుగు హారర్ కుప్పలుగా వస్తోంది. రాసేవాళ్ల ఉత్సాహం చూస్తే సంతోషంగా ఉంటుంది. కాకపోతే ప్రతి ఎపిసోడూ ఒక కుదుపుతో ముగియాలన్న ఒత్తిడి కథను తినేస్తోంది. భయానికి నిశ్శబ్దం కావాలి. బస్సులో వినడానికి అవి చాలు, రాత్రి చదవడానికి పుస్తకం ఉండాలి.

చివరగా ఫాంటసీ రచయిత బ్రాండన్ శాండర్సన్. 'విండ్ అండ్ ట్రూత్' (2024) లావు, అట్ట అందం చూసి దాంతో మొదలుపెట్టాలనుకునేవాళ్లున్నారు. అది ఒక వరసలో ఐదో పుస్తకం. ముందు నాలుగు చదవకుండా ఒక్క పేజీ అర్థం కాదు. ఆ వరసలో మొదటిది 'ది వే ఆఫ్ కింగ్స్' (2010), అదే వెయ్యి పేజీలు. ఆయన రాత మీకు పడుతుందో లేదో తెలుసుకోవడానికి 'మిస్ట్‌బోర్న్' మొదటి భాగం (2006) తీసుకోండి. లోహాలు మింగి శక్తి తెచ్చుకునే దొంగల ముఠా కథ అది. దాని కథ దాంట్లోనే ఒక కొలిక్కి వస్తుంది, నచ్చకపోతే అక్కడితో ఆపేసినా నష్టం లేదు.